ప్యాటీ స్మిత్: పాట ఆగిన చోట్లు

అధ్యక్షులవారికి, ముందు వరుసల్లో ఉన్న పెద్దలకి, కుర్చీలు చాలక వెనక గోడకి ఆనుకుని నిలబడ్డ కాలేజీ పిల్లలకి, అందరికీ నమస్కారం.

ఈ ప్రసంగానికి ఒప్పుకున్నప్పుడు కార్యదర్శిగారు ఫోన్లో ఒక ప్రశ్న అడిగారు. "ప్యాటీ స్మిత్ అంటున్నారు కదమ్మా, ఆహ్వానపత్రంలో ఏమని వేయించమంటారు? గాయని అనా, కవయిత్రి అనా?" కవయిత్రి అనే వేయించమన్నాను. పంక్ అనే రకం రాక్ సంగీతానికి ఆమె తల్లిలాంటిదని లోకమంతా అంటుంది. ఆ మాట తప్పని అనను. కానీ ఆమె గిటార్ దగ్గరికి వెళ్లింది తన కవిత నలుగురి చెవిన పడాలనే. ఈ వరస తారుమారు చేస్తే ఆమె మనకి సగమే అర్థమవుతుంది.

ఇంకో మాట కూడా ముందే చెప్పేస్తాను. ఆమె గురించి చెప్పేవాళ్లు ఎక్కువగా హిట్ పాటలూ అవార్డులూ చెబుతారు. ఈ సాయంత్రం నేను ఆమె పని ఆగిపోయిన చోట్ల దగ్గర ఎక్కువసేపు నిలబడతాను. ఎందుకో మధ్యలో చెబుతాను.

ప్యాటీ 1946 డిసెంబర్ 30న షికాగోలో పుట్టింది. అమ్మ పేరు బెవర్లీ, హోటల్లో వెయిట్రెస్. నాన్న పేరు గ్రాంట్, ఫ్యాక్టరీలో మెషిన్ మీద పనిచేసేవాడు. నలుగురు పిల్లల్లో ఈమే పెద్దది. కొన్నాళ్లు ఫిలడెల్ఫియాలో ఉన్నారు, తర్వాత దక్షిణ న్యూజెర్సీలో స్థిరపడ్డారు. రెక్కాడితేగాని డొక్కాడని ఇల్లు. అయినా ఇంట్లో పుస్తకాలుండేవి. అమ్మ జెహోవా సాక్షుల శాఖకి చెందిన భక్తురాలు. ఈ పిల్ల బైబిలు మాటల మధ్య పెరిగి, పన్నెండేళ్లొచ్చాక ఆ మతాన్ని వదిలేసింది. మతం పోయినా ఆ భాష పోలేదు. పాటల్లో దేవుడితో పోట్లాడేటప్పుడు కూడా ఆమె బైబిలు లయలోనే పోట్లాడుతుంది.

స్కూలు చదువయ్యే రోజుల్లో చిన్నపిల్లల్ని తోసుకెళ్లే బండ్లు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో పనికి కుదిరింది. తయారైన సరుకుని తనిఖీ చేసే పని. దాని మీద తర్వాత రాసిన కవితలో లెక్క చెబుతుంది: వారానికి నలభై గంటలు, 36 డాలర్లు. అదే రోజుల్లో ఫిలడెల్ఫియా బస్ స్టేషన్ ఎదురుగా పాత పుస్తకాల దుకాణంలో ఫ్రెంచ్ కవి ఆర్థర్ రేంబో పుస్తకం కనబడింది. అట్ట మీద ఫోటోలో ఆ కుర్రాడి చూపు చూసి మనసు పారేసుకుంది. ధర 99 సెంట్లు. చేతిలో అంత డబ్బు లేదు. పుస్తకాన్ని జేబులో పెట్టుకుని వచ్చేసింది. దొంగతనమే, తనే రాసుకుంది.

ఆ పుస్తకంలో ఒక పక్క ఫ్రెంచ్, ఒక పక్క ఇంగ్లీషు. భోజనం వేళ ఫ్యాక్టరీలో దాన్ని చదువుతుంటే తోటి ఆడవాళ్లకి అనుమానం వచ్చింది. పరాయి భాష పుస్తకం చదువుతోంది, ఈ పిల్ల కమ్యూనిస్టు అయ్యుంటుందని ఆమెని బాత్రూంలో నిలదీసి బెదిరించారు. ఆ ఆడవాళ్ల మీద నాకు కోపం లేదు. జీతం పోతుందేమోనన్న భయంలో బతికేవాళ్లకి కొత్తది ఏది కనబడినా ముప్పులాగే ఉంటుంది. కానీ ఆ పదహారు, పదిహేడేళ్ల పిల్ల సంగతి చూడండి. బాత్రూం గోడకి ఆనుకుని, చుట్టూ మనుషులు, చేతిలో రేంబో. పదేళ్ల తర్వాత ఆమె వేసిన మొట్టమొదటి రికార్డుకి రెండో వైపున ఉన్నది ఈ ఫ్యాక్టరీ కవితే.

తర్వాత టీచర్ ట్రైనింగ్ కోసం కాలేజీలో చేరింది. అక్కడుండగా గర్భం వచ్చింది. పెళ్లి కాలేదు. అప్పటికి పంతొమ్మిదేళ్లు. చదువు ఆగిపోయింది. 1967 ఏప్రిల్‌లో ఆడపిల్ల పుట్టింది. ఆ బిడ్డని బాగా చూసుకోగలిగే ఒక కుటుంబానికి దత్తతకిచ్చింది. ఆ నొప్పి గురించి ఎక్కువ మాటలు రాయలేదు. నెల రోజులకి ఫిలడెల్ఫియాలో జోన్ ఆఫ్ ఆర్క్ విగ్రహం దగ్గరికి వెళ్లి, ఆ వీరనారికీ, కన్న బిడ్డకీ ఒక మాట ఇచ్చింది: నేను ఏదో ఒకటి అయి తీరతాను అని. ఇది మొదటి ఆగిన చోటు.

ఆ వేసవిలోనే, జులై మొదటి వారంలో, న్యూయార్క్ వెళ్లిపోదామని ఫిలడెల్ఫియా బస్ స్టేషన్‌కి వచ్చింది. టికెట్ ధర చూస్తే పాత ధరకి దాదాపు రెట్టింపు అయ్యి ఉంది. చేతిలో డబ్బు చాలదు. ఇంటికి ఫోన్ చేద్దామని పక్కన టెలిఫోన్ బూత్‌లోకి వెళ్లింది. అక్కడ టెలిఫోన్ డైరెక్టరీల మీద ఎవరో మరిచిపోయిన తెల్లటి పర్సు. తెరిస్తే లోపల ఒక లాకెట్టూ, 32 డాలర్లూ. డబ్బు తీసుకుంది, పర్సునీ లాకెట్టునీ టికెట్ కౌంటర్‌లో ఇచ్చేసింది. ఎవరో తెలియని ఆ మనిషికి జీవితమంతా కృతజ్ఞత చెప్పుకుంటూనే ఉంది.

న్యూయార్క్‌లో మొదటి వారాలు పార్కుల్లో, సబ్‌వేల్లో పడుకుంది. ఆకలికి ఓర్చుకుంది. అక్కడే రాబర్ట్ మేపుల్‌తోర్ప్ కలిశాడు. అతనూ ఇరవయ్యేళ్లవాడే, చిత్రకళ చదువుతున్నాడు. తర్వాత ప్రపంచ ప్రసిద్ధ ఫోటోగ్రాఫర్ అయ్యాడు. ఇద్దరూ బ్రూక్లిన్‌లో కాపురం పెట్టారు. ఆమె పుస్తకాల షాపులో పనిచేసి ఇల్లు గడిపింది. మ్యూజియానికి వెళితే ఒక్క టికెట్‌కే డబ్బులుండేవి. ఒకరు లోపలికి వెళ్లి చూసొచ్చి, బయట నిలబడ్డ రెండోవాళ్లకి బొమ్మలన్నీ వర్ణించి చెప్పాలి. ఒకసారి ఆమె చూసి బయటికొస్తే రాబర్ట్ అన్నాడట, ఏదో ఒకరోజు ఇద్దరం కలిసే లోపలికి వెళతాం, అప్పుడు గోడల మీద ఉండేది మన పనే అని.

ఇంకో రోజు సంగతి. ఇద్దరూ చిత్రవిచిత్రంగా తయారై వాషింగ్టన్ స్క్వేర్ పార్కులో తిరుగుతున్నారు. ఒక పెద్దావిడ భర్తతో, "వాళ్ల ఫోటో తియ్యండి, కళాకారుల్లా ఉన్నారు" అంది. ఆయన భుజాలెగరేసి, "కళాకారులా పాడా, పిల్లకాయలు" అన్నాడు. ఆ మాటనే నలభై ఏళ్లు దాచుకుని తన పుస్తకానికి పేరుగా పెట్టుకుంది. 'జస్ట్ కిడ్స్' అంటే అదే.

1969లో చెల్సీ హోటల్‌కి మారారు. 1017 నంబరు గది, ఆ హోటల్లోకెల్లా చిన్నది. కవులు, సంగీతకారులు, నాటకాల వాళ్లు, డబ్బులేని వాళ్లు అందరూ ఉండే చోటది. ఆ రోజుల్లోనే ఆటోమాట్ అనే హోటల్లో ఒక శాండ్‌విచ్ కొనబోయింది. నాణేలు వేస్తే అర తలుపు తెరుచుకుని తిండి చేతికొచ్చే ఏర్పాటు అది. లెక్కపెట్టుకుని తెచ్చుకున్న నాణేలు వేసినా తలుపు తెరుచుకోలేదు. ధర 65 సెంట్లకి పెరిగింది, పది సెంట్లు తక్కువ పడ్డాయి. వెనకనుంచి ఒకాయన ఆ పది సెంట్లు వేసి, కాఫీ కూడా ఇప్పించి ఎదురుగా కూర్చున్నాడు. ఆయన అలెన్ గిన్స్‌బర్గ్. 1962-63లో మన కాశీలోనూ కలకత్తాలోనూ నెలల తరబడి ఉన్న ఆ అమెరికన్ కవే. కాసేపయ్యాక ముందుకి వంగి, నువ్వు ఆడపిల్లవా అని అడిగాడు. అందమైన కుర్రాడనుకున్నాడట. అలా మొదలైన స్నేహం ఆయన పోయేదాకా నిలిచింది. గిన్స్‌బర్గ్ సంగతి మళ్లీ వస్తుంది, గుర్తుపెట్టుకోండి.

ఇక అసలు సంగతి. 1971 ఫిబ్రవరి 10, సెయింట్ మార్క్స్ చర్చి. అక్కడ పొయట్రీ ప్రాజెక్ట్ అని కవితలు చదివే సభలు జరిగేవి. కవి తలొంచుకుని కాగితం చదువుకుంటూ పోతుంటే సభ ఎలా చేజారిపోతుందో మనకీ తెలుసు. అక్కడ గ్రెగరీ కోర్సో అనే కవి ప్రేక్షకుల్లో కూర్చుని, విసుగు పుట్టించేవాళ్లని చూసి, "రక్తం లేదు! రక్తం ఎక్కించుకోండి!" అని అరిచేవాడట. ఆ అరుపులు విన్న ప్యాటీ, నా వంతు వస్తే ఎవర్నీ విసిగించకూడదని ఒట్టేసుకుంది. వంతు వచ్చింది. పాట కూడా కలిపి చూడమని నాటక రచయిత శామ్ షెపర్డ్ సలహా ఇచ్చాడు. రికార్డుల షాపులో పనిచేస్తూ సంగీతం మీద వ్యాసాలు రాసే లెనీ కే అనే కుర్రాడి దగ్గరికి వెళ్లి అడిగింది: "గిటార్ మీద కారు గుద్దుకున్న చప్పుడు తెప్పించగలవా?" తెప్పిస్తానన్నాడు.

ఆ ఒక్క ప్రశ్నలోనే ఆమె కళ అంతా ఉందని నాకనిపిస్తుంది. రాగం కావాలని అడగలేదు. తాళం అడగలేదు. కవితలో ఒక కారు గుద్దుకుంటుంది, ఆ దెబ్బ వినేవాళ్ల ఒంటికి తగలాలి, అందుకు ఏం చెయ్యాలి అని అడిగింది. చర్చిలో ఎలక్ట్రిక్ గిటార్ మోగింది. కొందరు చప్పట్లు కొట్టారు, కొందరు ఇదేం అపచారమని కోప్పడ్డారు. ఆ లెనీ కే యాభై ఏళ్లు దాటినా ఇంకా ఆమె పక్కనే గిటార్ వాయిస్తున్నాడు.

ఆ తర్వాత మూడు, నాలుగేళ్లు ఆమె కవితల పుస్తకాలు వేసింది, పత్రికలకి రాసింది, మెల్లమెల్లగా బ్యాండ్ కూర్చుకుంది. పియానో మీద రిచర్డ్ సోల్, గిటార్ మీద లెనీతో పాటు ఐవన్ క్రాల్, డ్రమ్స్ మీద జే డీ డాహర్టీ. 1974లో మొదటి రికార్డుకి డబ్బు పెట్టింది రాబర్టే. 1975 వసంతంలో సీబీజీబీ అనే చోట వారాల తరబడి పాడారు. బవరీ వీధిలో, తాగుబోతుల సత్రాల పక్కన, పొడుగ్గా ఇరుగ్గా ఉండే బార్ అది. రామోన్స్, టెలివిజన్, బ్లాండీ, టాకింగ్ హెడ్స్ అందరూ అక్కడే పుట్టారు. పంక్ అనేది ఇంగ్లీషులో తిట్టు. పోకిరి, పనికిమాలినవాడు అని. సంగీతంలో ఆ మాటని గౌరవంగా వాడినవాళ్లలో లెనీ కే ఒకడు. 1972లో పాత గ్యారేజీ బ్యాండ్ల పాటల్ని కూర్చి ఒక సంకలనం తెచ్చినప్పుడు దాని పరిచయంలో పంక్ రాక్ అని రాశాడు. జుట్టు నిలబెట్టుకోవడం, చొక్కాలకి పిన్నీసులు పెట్టుకోవడం తర్వాత వచ్చాయి. సీబీజీబీ నాటికి పంక్ అంటే గిటార్ మీద మూడు కార్డ్స్, అంటే మూడు స్వరాల గుత్తులు, వాయించడం వస్తే చాలు, చెప్పాల్సింది ఉంటే వేదికెక్కు అని.

1975 నవంబర్‌లో 'హార్సెస్' ఆల్బమ్ వచ్చింది. మొదటి పాటకి ఆధారం ఉత్తర ఐర్లాండ్ గాయకుడు వాన్ మారిసన్ రాసిన పాత రాక్ పాట. మూడు కార్డ్స్ పాట, ఒక అమ్మాయిని చూసి మురిసిపోయే కుర్రాడి పాట. ప్యాటీ దాని నెత్తిన తన పాత కవితని తెచ్చి పెట్టింది. క్రీస్తు ఎవరి పాపాల కోసమో చనిపోయాడు, నా పాపాల కోసం కాదు అనే అర్థం వచ్చే వాక్యంతో మొదలవుతుంది. చిన్నప్పటి నుంచి మోసిన మతాన్ని ఒక్క వాక్యంలో దించేసింది. అందులో దైవదూషణ ఉందని కొందరన్నారు. నాకు వినబడేది బాధ్యత. నా తప్పు నాది, నా కోసం ఇంకెవరూ చావక్కర్లేదు అనే మాట.

ఆ ఆల్బమ్ అట్ట చూడండి, ప్రింటు తీయించి తెచ్చాను, వెనక్కి పంపుతాను. తీసింది రాబర్ట్. స్టూడియో లైట్లు లేవు. ఒక ఫ్లాట్‌లో తెల్లగోడ, కిటికీలోంచి పడే మధ్యాహ్నపు ఎండ. గోడ మీద త్రికోణంలా వెలుగు పడింది గమనించండి. అది జారిపోయేలోపు తీసెయ్యాలని కంగారు. తెల్లచొక్కా పాత బట్టలమ్మే ధర్మసంస్థ దుకాణంలో కొన్నది. మెడకి నల్ల రిబ్బన్ ముడి వెయ్యకుండా వదిలేసింది. నల్లకోటు భుజం మీద వేసుకుంది, దాని మీద చిన్న గుర్రం పిన్ను. ముఖానికి మేకప్ లేదు, నవ్వు లేదు, బతిమాలడం లేదు. పన్నెండు ఫోటోలు తీశాడట. ఎనిమిదోది తీస్తుండగానే ఇదే అన్నాడు. కంపెనీవాళ్లు జుట్టూ అదీ సరిచేద్దామన్నారు. ఆమె ఒప్పుకోలేదు. అప్పట్లో ఆడ గాయని అట్ట మీద ఎలా ఉండాలో కంపెనీలు చెప్పేవి. ఈ ఫోటో చూసి ఆడపిల్లలు ఎంతమంది గిటార్ పట్టుకున్నారో లెక్కే లేదు.

రెండో ఆగిన చోటు అక్షరాలా పడిపోవడమే. 1977 జనవరి 23, ఫ్లోరిడాలో టాంపా. వేరే పెద్ద గాయకుడి కచేరీకి ముందు వీళ్లు పాడుతున్నారు. పాటలో దేవుణ్ని సవాలు చేస్తూ గిరగిరా తిరిగే ఘట్టం ఒకటుంది. అలా తిరుగుతూ స్టేజీ మీదున్న స్పీకర్‌కి కాలు తగిలి పదిహేను అడుగుల కింద కాంక్రీటు మీద పడింది. మెడ ఎముకలు విరిగాయి. కుట్లు పడ్డాయి. నెలల తరబడి మెడకి పట్టీ, ఫిజియోథెరపీ. రాక్ గాయనికి ఒళ్లు ఆడకపోతే ఇంకేముంది? ఆమెకి కవిత ఉంది. మంచం మీద ఉండి 'బేబెల్' అనే కవితల పుస్తకం తయారుచేసింది. ఈస్టర్ పండగకి లేచి మళ్లీ సీబీజీబీలో పాడింది. తర్వాతి ఆల్బమ్‌కి ఈస్టర్ అనే పేరు పెట్టుకుంది.

ఆ ఆల్బమ్‌లోదే ఆమెకున్న ఒకే ఒక్క పెద్ద హిట్, 'బికాజ్ ద నైట్'. బాణీ రాక్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్‌ది. సగం అయిన పాట క్యాసెట్ చేతికొస్తే ఇంకొకరి పాట నాకెందుకని పక్కన పెట్టేసింది. ఒక రాత్రి డెట్రాయిట్‌లో ఉన్న ప్రియుడి ఫోన్ కోసం ఎదురుచూస్తోంది. ఆ ఫోన్ ఎంతకీ రాదు. ఆ టెన్షన్ తట్టుకోలేక క్యాసెట్ పెట్టి మాటలు రాసేసింది. అమెరికా చార్టుల్లో 13వ స్థానందాకా వెళ్లింది.

అదే ఆల్బమ్‌లో నాకు సమ్మతం కాని పాట కూడా ఉంది. నల్లజాతివాళ్లని తరతరాలుగా అవమానించిన తిట్టుని, లోకం వెలివేసిన కళాకారులందరికీ బిరుదులా వాడింది. ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ ఆ తిట్టు పడ్డవాళ్లు వేరు. కులం పేరుని తిట్టుగా మార్చి వాడితే ఎలా ఉంటుందో మన ఊళ్లలో పుట్టిన ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. ఇష్టమైన కవి కదా అని దీన్ని దాచిపెట్టలేను.

1979 సెప్టెంబర్‌లో ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో కచేరీ. స్టేడియం నిండా వేలకి వేల జనం. అది కాగానే మానేసింది. పేరు పరాకాష్ఠలో ఉండగా వదిలేసి, తను ఫోన్ కోసం ఎదురుచూసిన ఆ మనిషిని, ఎంసీ5 బ్యాండ్ గిటారిస్టు ఫ్రెడ్ 'సోనిక్' స్మిత్‌ని 1980 మార్చి 1న పెళ్లి చేసుకుని డెట్రాయిట్ పక్కన కాపురానికి వెళ్లిపోయింది. కొడుకు జాక్సన్, కూతురు జెస్సీ పుట్టారు. వంట, బట్టలు, పిల్లల జ్వరాలు. పదహారేళ్ల పాటు ఆమె లోకానికి దాదాపు కనబడలేదు. మధ్యలో 1988లో ఒక్క ఆల్బమ్, అంతే.

ఎందుకో మధ్యలో చెబుతానన్నాను కదా. ఇప్పుడు చెబుతాను. పెళ్లికి ముందు నేను కవితలు రాసేదాన్ని. పెళ్లయ్యాక పదకొండేళ్లు ఒక్కటీ రాయలేదు. ఎవరూ వద్దనలేదు. పొద్దున టిఫిన్లు, ఆఫీసు, అత్తగారి మందులు, పిల్లాడి హోంవర్కు. రాత్రి పదకొండుకి కాగితం ముందు కూర్చుంటే కునుకు వచ్చేది. నాలో కవిత చచ్చిపోయిందని నిజంగా నమ్మాను. ఆ రోజుల్లో ఒక పాత పత్రికలో ప్యాటీ ఇంటర్వ్యూ చదివాను. మీరు పదహారేళ్లు ఏమీ చెయ్యలేదు కదా అని ఎవరడిగినా ఆమెకి కోపం వస్తుంది. ఆ ఏళ్లలోనే రాయడం నేర్చుకున్నానంటుంది. పిల్లలు నిద్ర లేవకముందు, తెల్లవారుజామున ఐదింటి నుంచి ఎనిమిదింటి దాకా వంటింటి బల్ల దగ్గర కూర్చుని రోజూ రాసింది. అచ్చు వేయించలేదు. నోటు పుస్తకాల మీద నోటు పుస్తకాలు నింపింది. అంతకుముందు న్యూయార్క్‌లో రాత్రుళ్లు మెలకువగా ఉండి, మూడ్ వస్తే రాసే మనిషి. పిల్లల తల్లి అయ్యాక గడియారం చూసుకుని రాసే మనిషయింది. పన్నెండేళ్ల కిందటి మాట ఇది. ఆ పత్రిక పక్కనపెట్టి నేను అలారం పెట్టుకున్నాను. ఐదుకి లేవలేకపోయాను, ఐదున్నరకి కుదిరింది. ఇప్పటికీ అదే నా వేళ.

వంటిల్లు అన్నాను కాబట్టి ఇంకొకటి చెప్పాలి. ఒకరోజు ఆమె బంగాళాదుంపల తొక్క తీస్తోంది. ఫ్రెడ్ లోపలికొచ్చి, "ప్రజలకి శక్తి ఉంది. ఇది రాయి" అని చెప్పి వెళ్లిపోయాడు. చేతిలో కత్తి, ముందు దుంపలు. ఆ మాట పట్టుకుని వాళ్లిద్దరూ కట్టిన పాట, 'పీపుల్ హావ్ ద పవర్', 1988 ఆల్బమ్‌లో మొదటిది. వచ్చినప్పుడు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత ఊరేగింపుల్లో, ధర్నాల్లో, ఎన్నికల సభల్లో జనం దాన్ని సొంతం చేసుకున్నారు.

ఇక్కడి నుంచి ఆమె జీవితంలో వరసగా చావులు. 1989 మార్చి 9న రాబర్ట్ ఎయిడ్స్‌తో పోయాడు. మన కథ నువ్వే రాయాలి అని చావుకి ముందు మాట తీసుకున్నాడు. 1990లో పియానో రిచర్డ్ సోల్. 1994 నవంబర్ 4న భర్త ఫ్రెడ్. అది రాబర్ట్ పుట్టినరోజు. సరిగ్గా నెలకి తమ్ముడు టాడ్. అక్కకి ధైర్యం చెబుతూ, నువ్వు మళ్లీ పాడాలక్కా, నేను వెంట ఉంటానన్న తమ్ముడు, నెల తిరిగేసరికి పోయాడు.

నలభై ఏడేళ్ల మనిషి. ఇద్దరు చిన్నపిల్లలు. చేతిలో డబ్బు లేదు. గిన్స్‌బర్గ్ గుర్తున్నాడు కదా. ఆయనే ఆ శోకంలో ఆమెకి కబురు చేశాడు, పోయినవాళ్లని పోనిచ్చి నీ బతుకు పండగ నువ్వు చేసుకో అనే అర్థం వచ్చే మాట చెప్పాడు. 1995 చివర్లో గాయకుడు బాబ్ డిలన్ తన కచేరీల యాత్రలో పాడమని పిలిచాడు. లెనీ కే మళ్లీ గిటార్ తీశాడు. 1996లో వచ్చిన ఆల్బమ్ నిండా పోయినవాళ్లే ఉంటారు. అందులో ఆమె వాయించిన గిటార్, చివరి రోజుల్లో భర్త దగ్గర కూర్చుని నేర్చుకున్నదే.

తర్వాతి ఏళ్ల సంగతి త్వరగా చెప్పేస్తాను, ఇవి మీరు ఫోన్లో వెతికినా దొరుకుతాయి. 2004 ఆల్బమ్‌లో గాంధీ పేరుతోనే ఒక పొడుగాటి పాట ఉంది. ఇరాక్ యుద్ధకాలంలో గాంధీని నిద్ర లేపే పాటది, తప్పకుండా వినండి. 2006 అక్టోబర్‌లో సీబీజీబీ మూతపడినప్పుడు ఆఖరి రాత్రి పాడింది ఆమే. చివర్లో పోయిన సంగీతకారుల పేర్లు ఒక్కొక్కటీ చదివింది. 2007లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ గౌరవం వచ్చింది. 2010లో, రాబర్ట్‌కి ఇచ్చిన మాట ఇరవై ఒకటో ఏట నెరవేరింది. 'జస్ట్ కిడ్స్'కి అమెరికా నేషనల్ బుక్ అవార్డు వచ్చింది. ఒకప్పుడు పుస్తకాల షాపులో ఆ అవార్డు ముద్ర ఉన్న పుస్తకాలని అరల్లో సర్దిన గుమాస్తా ఆమె. వేదిక మీద కళ్లు తుడుచుకుంటూ, టెక్నాలజీ ఎంత పెరిగినా పుస్తకాన్ని మాత్రం వదిలెయ్యకండని వేడుకుంది. ఈ గ్రంథాలయంలో నిలబడి ఆ మాట చెబుతుంటే నాకూ గొంతు పట్టేస్తోంది.

ఆఖరిది స్టాక్‌హోమ్. 2016 డిసెంబర్ 10. నోబెల్ బహుమతుల సభలో పాడమని ఆమెని ముందే అడిగారు, సాహిత్యం బహుమతి ఎవరికో అప్పటికి తెలియదు. సొంత పాట ఒకటి అనుకుంది. తీరా బహుమతి బాబ్ డిలన్‌కి వచ్చింది, ఆయన సభకి రావడం లేదు. అప్పుడు తన పాట పక్కనపెట్టి డిలన్ పాట ఎంచుకుంది, భోరున వాన కురవబోతోందనే ఆ పొడుగు పాట. దాన్ని ఆమె చిన్నప్పటి నుంచి ఎరుగు. వెయిట్రెస్‌గా పనిచేసే అమ్మ, టిప్పు డబ్బులు పెట్టి చౌక సరుకు గంపలోంచి డిలన్ రికార్డు ఒకటి కొని తెచ్చి, "ఈ అబ్బాయి నీకు నచ్చేలా ఉన్నాడే" అందట. అలా మొదలైంది.

వీడియో చూడండి. రాజు, రాణి, నల్లకోట్లు వేసుకున్న శాస్త్రవేత్తలు, వెనక పెద్ద ఆర్కెస్ట్రా. డెబ్బై ఏళ్లకి దగ్గరపడ్డ మనిషి, తెల్లజుట్టు భుజాల మీద వదిలేసి, చేతులు పక్కన పెట్టుకుని నిలబడింది. మొదటి చరణం బాగానే పాడింది. రెండో చరణంలో మాట ఆగిపోయింది. మరిచిపోలేదు, ప్రతి మాటా తెలుసు, నోటికి రాలేదు. తడుముకుంది. సంగీతం నడుస్తూనే ఉంది. అప్పుడు ఆర్కెస్ట్రా వైపు తిరిగి, "క్షమించండి, ఆ భాగం మళ్లీ మొదలుపెడదామా?" అని అడిగి, సభ వైపు చూసి, "నాకు చాలా కంగారుగా ఉంది" అంది. ప్రపంచమంతా చూస్తోంది. ఆ మాట అనేటప్పుడు ఆమె నవ్వు చూడండి, స్కూల్లో పద్యం అప్పజెప్పలేకపోయిన పిల్ల నవ్వు. సభ చప్పట్లు కొట్టింది. మళ్లీ ఎత్తుకుని చివరిదాకా పాడింది.

సిగ్గుతో ఆ రాత్రి కుమిలిపోయానని తనే రాసింది. మర్నాడు పొద్దున హోటల్లో టిఫిన్ దగ్గర కొందరు నోబెల్ శాస్త్రవేత్తలు వచ్చి పలకరించారట. ఇంకా బాగా పాడి ఉండాల్సింది అని ఆమె అంటే, లేదు లేదు, మీరు తడబడటంలో మా తడబాట్లే మాకు కనిపించాయి అన్నారట.

నాకిచ్చిన సమయం అయిపోయింది. ప్రశ్నలకి ముందు ఆ మొదటి ఆల్బమ్‌లోని మొదటి పాట పెడతాను. చివర్లో ఎంత హోరెత్తుతుందో, మొదట్లో అంత నెమ్మదిగా ఉంటుంది. పియానో ఒక్కటే, దాని మీద ఆమె గొంతు. స్విచ్ బోర్డు దగ్గరున్న బాబూ, ఈ ఒక్క పాట అయ్యేదాకా ఫ్యాన్లు కట్టెయ్యమ్మా, ఆ మొదటి వాక్యం వెనకవాళ్లకి కూడా వినబడాలి.